షేష్-బేష్ ఆడేవారెక్కడ?

అష్టాచెమ్మాకో, పచ్చీసుకో, వైకుంఠపాళికో తోడు కావాలంటే మన వీధిలో ఎవరో ఒకరు దొరుకుతారు. కనీసం ఒకప్పుడు దొరికేవారు. బ్యాక్‌గామన్‌కు ఆ సౌకర్యం ఎన్నడూ లేదు. మధ్యధరా తీరం నుంచి ఇరాన్ దాకా ఇంటింటా తెలిసిన ఆట అయినా, మా కోనసీమలో ఆ పేరు చెబితే “అదేం తినుబండారమండీ?” అన్నవారున్నారు. కాబట్టి మావంటివారికి అంతర్జాలమే రచ్చబండ. ఆ రచ్చబండ మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఇరవై ఏళ్ళుగా నేనూ, మా మామయ్యా వెదుకుతున్నాం. ఆ వెదుకులాటే ఈ టపా. మా ఇద్దరికీ దొరికినవి మాత్రం ఒకటి కావు.

ఆట తెలియని మిత్రుల కోసం నాలుగు ముక్కలు. బల్ల మీద కోసుగా గీసిన గడులు 24. ఒక్కొక్కరికి 15 కాయలు. రెండు పాచికలు. ఇద్దరి కాయలూ ఎదురెదురు దిశల్లో నడిచి, ఎవరి ఇంటికి వారు చేరి, అక్కడినుంచి పండిపోవాలి. అష్టాచెమ్మాలో లాగానే ఒంటరి కాయను చంపవచ్చు. చచ్చిన కాయ మళ్ళీ మొదటినుంచి బయలుదేరాలి. రెండు కాయలు జంటగా నిలబడిన గడిలో ఎదుటివారు అడుగు పెట్టలేరు. ఒక చిన్నపిల్లకు ఇవన్నీ పావుగంటలో నేర్పవచ్చు. ఆ తరువాత ఏ పందేనికి ఏ కాయ కదపాలన్నది తేల్చుకోవడానికి జీవితకాలం చాలదు.

మామయ్య ఈ ఆటను కువైట్‌లో నేర్చుకున్నారు. 1980ల్లో ఆయన అక్కడ ఒక గిడ్డంగిలో గుమాస్తా. సాయంత్రం పని ముగిశాక కాఫీ దుకాణంలో ఈజిప్టువాళ్ళు తావ్లా ఆడుతుంటే వెనుక నిలబడి చూసేవారట. చాలాకాలం చూశాక గాని కూర్చోనివ్వలేదట. ఆడేవారు పాచికలు పడగానే అంకెలను పారశీకం, తుర్కీ కలగలిపి అరుస్తారు. ఆరూ అయిదూ పడితే ‘షేష్-బేష్’. షేష్ పారశీకపు ఆరు, బేష్ తుర్కీ అయిదు. అరబ్బులు అరబ్బీ కాని అంకెలతో ఆడే ఆటను ఒక తెలుగువాడు నేర్చుకున్నాడన్నమాట. ఇప్పటికీ మామయ్య మార్కెట్లో చిల్లర లెక్కపెడుతూ కూడా “యెక్, దు, సె” అని గొణుక్కుంటారు.

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ఆ తరువాతి నెలల్లో అమ్మాన్ నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి చేర్చారు. మామయ్య వారిలో ఒకరు. ఎడారి దాటి వచ్చిన మనిషి చేతిలో బట్టల సంచీ ఒకటి, ముత్యపుచిప్ప తాపడం చేసిన ఒక చెక్కపెట్టె ఒకటి. ఆ పెట్టెలో నగలున్నాయని మా అమ్మమ్మ ఆశపడిందట. తెరిస్తే లోపల ముప్ఫై కాయలు, రెండు పాచికలు. ఆయనతో రోజూ ఆడిన అలెగ్జాండ్రియా మనిషి ఆ గందరగోళంలో ఎటు వెళ్ళాడో తెలియదు. ఇద్దరి దగ్గరా ఒకరి చిరునామా మరొకరికి లేదు. రేపు సాయంత్రం ఎలాగూ కనబడతామనుకునేవారు చిరునామాలు రాసుకోరు కదా.

వేసవి సెలవుల్లో నాకు నేర్పినవారు ఆయనే. కాని మేనల్లుడితో ఆడటం ఆయనకు ఆటగా ఉండేది కాదు. నేను ఓడిపోతే తిట్టరు, గెలిస్తే ఒప్పుకోరు. పైగా పాచికల చప్పుడు వినబడితే చాలు, వంటింట్లోంచి మా అమ్మ, “తమ్ముడూ, ధర్మరాజు గతి తెలిసి కూడా పిల్లాడికి నెత్తం నేర్పుతున్నావా?” అనేది. డబ్బు లేదు కదక్కా అంటే, ధర్మరాజు కూడా మొదట అలాగే కూర్చున్నాడనేది. అలా ఆ పెట్టె బీరువా పైకి చేరింది.

తరువాత మా ఇంటికి విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరు వచ్చింది. ఆటల జాబితాలో ‘ఇంటర్నెట్ బ్యాక్‌గామన్’ అని ఒకటి ఉండేదని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెరిచి చూసినవారు తక్కువ. మీట నొక్కితే ప్రపంచంలో ఎక్కడో ఉన్న ఒక మనిషితో ముడివేసేది. ఆ మనిషి పేరు తెలియదు. ఏ భాషవాడో మాత్రం కనబడేది. మాట్లాడే వీలు కూడా లేదు. ‘నమస్కారం’, ‘బాగా ఆడారు’ వంటి కొన్ని సిద్ధవాక్యాల జాబితా ఉండేది. మనం ఒకటి ఎంచుకుంటే ఎదుటివారికి వారి భాషలో కనబడేది. మామయ్యకు ఆ జాబితా పంజరంలా తోచింది. “తిట్టడానికి ఒక్క మాటయినా లేదేంట్రా ఇందులో? ఆరూ ఆరూ పడ్డవాణ్ణి పట్టుకుని ‘బాగా ఆడారు’ అంటే వాడు నన్నేమనుకుంటాడు?” అన్నారు. అయినా ఆడారు, ఫోను బిల్లు చూసి అత్తయ్య అడ్డుపడేదాకా. ఆ సేవ ఎక్స్‌పీ మీద 2019 జూలై 31న, విండోస్ ఏడు మీద 2020 జనవరి 22న ఆగిపోయింది. పేర్లు తెలియకుండా ఎందరితో ఆడామో ఆ లెక్క కూడా దానితోనే పోయింది.

అంతకన్నా ఎంతో ముందే ఒక గట్టి సమూహం జాలంలో ఉంది. 1992లో ఆండ్రియాస్ ష్నైడర్ అనే ఆయన మొదలుపెట్టిన ‘ఫస్ట్ ఇంటర్నెట్ బ్యాక్‌గామన్ సర్వర్’ అది. అందరూ ఫిబ్స్ అంటారు. వెబ్బు ఇంకా పసిబిడ్డగా ఉన్న రోజులు. బొమ్మలు లేవు. టెల్నెట్‌లో చేరితే గీతలతో, అక్షరాలతో అల్లిన బల్ల కనబడేది; ఒకరి కాయలు ఎక్స్‌లు, ఇంకొకరివి ఓలు. ఆదేశాలు టైపు చేసి ఆడాలి. చేరిన ప్రతివారికీ 1500 రేటింగుతో మొదలు. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. అందరికీ వినబడేలా కేక వేయడానికి కూడా ఒక ఆదేశం ఉంది. కాఫీ దుకాణానికి కాస్త దగ్గరగా వచ్చింది ఇదేనని నా అభిప్రాయం. ఆ కేకల్లో అతి తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటి: ఈ సర్వరు పాచికల్లో మోసం ఉంది!

ఈ ఫిర్యాదు ఒక్క ఫిబ్స్‌కు పరిమితం కాదు. బ్యాక్‌గామన్ ఆడించే ఏ చోటికి వెళ్ళినా ఉంటుంది. మామయ్య అభియోగమూ అదే. “నేను ఒంటరి కాయ పెట్టిన ప్రతిసారీ వాడికి సరిగ్గా ఆ అంకే పడుతోంది.” లెక్క చూద్దాం. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. మన ఒంటరి కాయ ఎదుటి కాయకు ఆరు గడుల దూరంలో ఉంటే, మధ్యలో అడ్డులేనప్పుడు, 36లో 17 పందేలు దాన్ని చంపుతాయి: ఆరు కనబడే 11, అవి గాక అయిదూ ఒకటీ, నాలుగూ రెండూ, జంట మూళ్ళు, జంట రెళ్ళు. అంటే దాదాపు సగం. ఏడు గడుల దూరానికి జరిపితే అవి 6కు పడిపోతాయి. ఒక్క గడి తేడా! ఎదుటివారి ఇంట్లో అయిదు గడులు మూసి ఒక్కటే తెరిచి ఉంటే, చచ్చిన మన కాయ లోపలికి రాలేని పందేలు 36లో 25. వరసగా మూడుసార్లు రాలేకపోవడం మూడింట ఒకసారి జరుగుతుంది. “మూడుసార్లు! మూడుసార్లురా!” అని ఆయన బల్ల గుద్దినది ఈ మూడింట ఒకవంతునే. నేర్పరి తనకు పనికివచ్చే పందేలు ఎక్కువ ఉండేలా కాయలు పేరుస్తాడు. అటువైపు కూర్చున్నవారికి అది అతని అదృష్టంలా కనబడుతుంది.

లెక్కలతో మామయ్య ఒప్పుకోలేదు. అప్పుడు నాకు గ్నూ బ్యాక్‌గామన్ ఉపయోగపడింది. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, లోపలి కోడు చదువుకోవచ్చు. అందులో పాచికల అమరిక దగ్గర ఒక వెసులుబాటు ఉంది: యంత్రం పాచికలు వేయదు, మనం వేసి అంకెలు చెబితే వాటితోనే ఆడుతుంది. బీరువా మీది పెట్టె దింపాం. కువైట్ పాచికలు, మామయ్య చేయి. తన పందెమూ ఆయనే వేశారు, యంత్రం పందెమూ ఆయనే వేశారు. నేను అంకెలు కొడుతూ కూర్చున్నాను. వారం రోజుల్లో పాతిక ఆటలు. యంత్రం పద్దెనిమిది గెలిచింది. చివరి ఆట అయ్యాక ఆయన పాచికలు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. “ముప్ఫై ఏళ్ళు నా దగ్గరే తిని, వాడి పక్షం చేరాయి,” అన్నారు. ఆ తరువాత సర్వర్ల మోసం మాట ఎత్తలేదు గాని, గ్నూ బ్యాక్‌గామన్ ముందు మళ్ళీ కూర్చోనూ లేదు.

నేను అక్కడే ఉండిపోయాను. ఈ యంత్రాల కథ ఆటకన్నా తక్కువ రుచికరం కాదు. 1979లో మాంటీకార్లోలో హాన్స్ బెర్లినర్ రాసిన ప్రోగ్రాము అప్పటి ప్రపంచ విజేత లూయీజీ విల్లాను 7–1 తేడాతో ఓడించింది. ఒక ఆటలో కంప్యూటరు ప్రపంచ విజేతను ఓడించడం అదే మొదలు. అయితే పాచికలు తమవైపే మొగ్గాయని బెర్లినరే నిజాయితీగా ఒప్పుకున్నారు. అసలు మలుపు 1992 ప్రాంతంలో వచ్చింది. ఐబీఎంలో గెరాల్డ్ టెసారో తయారుచేసిన టీడీ-గామన్‌కు ఎవరూ ఎత్తులు నేర్పలేదు. నియమాలు చెప్పి వదిలేస్తే తనతో తానే లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకుంది. తరువాతి రూపం ఆడినవి 15 లక్షలు. అలా నేర్చుకున్నది మనుషుల అలవాట్లను తప్పుపట్టింది. తొలి పందెం రెండూ ఒకటీ పడితే, ఒకటితో 6వ గడిలోని కాయను 5వ గడిలోకి ఒంటరిగా దింపడం ఆనాటి ఉద్దండుల పద్ధతి. ఆ కాయ బతికితే మంచి స్థానం దక్కుతుందని ఆశ. యంత్రం మాత్రం వెనుక 24వ గడిలో ఉన్న జంటను విడదీసి ఒకదాన్ని 23కు జరిపింది. మొదట వింతగా చూసిన ఉద్దండులు తరువాత ఆ దారికే వచ్చారు.

దాని వెనుక జెల్లీఫిష్, స్నోయీ, గ్నూ బ్యాక్‌గామన్, 2009లో ఎక్స్‌ట్రీమ్ గామన్ వచ్చాయి. ఇవాళ మనం ఆడిన ఆటను వీటికి ఇస్తే ఏ ఎత్తుకు ఎంత నష్టపోయామో దశాంశాలతో చెబుతాయి. ఆ లెక్కకు పీఆర్ అని పేరు. ఎంత తక్కువైతే అంత మేలు. బ్యాక్‌గామన్ గేలక్సీ అనే చోట ఆట ముగియగానే ఇద్దరి పీఆర్, ఇద్దరి అదృష్టం అంకెల్లో పక్కపక్కన చూపిస్తారు. గెలిచినవాడు ఎక్కువ తప్పులు చేశాడని, అయినా పాచికలు కాచుకున్నాయని తెర మీదే రాసి ఉంటుంది. ఓడినవారికి ఇంతకన్నా ఓదార్పు ఏముంటుంది? ఉద్యోగం చేసుకునేవారికి డైలీగామన్ నయం. వీలున్నప్పుడు ఒక ఎత్తు వేసి వెళ్ళిపోవచ్చు, పూర్వం పోస్టుకార్డుల మీద చదరంగం ఆడినట్టు. అమెరికావారి పగలు మన రాత్రి అన్న చిక్కు ఉండదు. చదువుకోదలచినవారు బ్యాక్‌గామన్ గెలోర్‌లో టామ్ కీత్ సేకరించిన వ్యాసాల భాండారంతో మొదలుపెట్టండి. పుస్తకమే కావాలంటే పాల్ మాగ్రియల్ 1976లో రాసిన ‘బ్యాక్‌గామన్’ను మించినది నాకు తెలియదు, తొలి పందేల గురించిన కొన్ని సలహాలు పాతబడినా వివరించే తీరు పాతబడలేదు.

డబ్లింగ్ క్యూబు గురించి చెప్పకపోతే ఇంగ్లీషు లోకపు బ్యాక్‌గామన్ సగమే చెప్పినట్టు. ఇది 1920ల్లో న్యూయార్కులో పుట్టింది. ఆరు ముఖాల మీద 2 నుంచి 64 దాకా రెట్టింపులు. ఆట మధ్యలో “రెట్టింపు” అనవచ్చు. ఎదుటివారు ఒప్పుకోవాలి, లేదా ఆట వదులుకోవాలి. ఎప్పుడు ఒప్పుకోవాలి? నాలుగింట ఒక ఆట గెలవగలిగినా చాలు. నాలుగుసార్లూ వదులుకుంటే పోయేది 4. నాలుగుసార్లూ ఒప్పుకుని మూడు ఓడి ఒకటి గెలిస్తే 6 పోయి 2 వస్తుంది, మళ్ళీ 4. లెక్క సమానం. ఇంత చక్కని సూత్రం చెప్పినా మామయ్య ఆ క్యూబును ముట్టుకోలేదు. తావ్లాలో అది లేదు. “ఇది మీ అమ్మ చూసిందంటే ఈసారి ధర్మరాజు నువ్వే,” అన్నారు. సందర్భం వచ్చింది కనుక ఒక మాట. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా నిషేధించింది. డబ్బు అడిగే బల్ల దగ్గర కూర్చోకండి. నేను చెప్పిన చోట్లన్నీ ఊరికే ఆడుకోవడానికి పనికివచ్చేవే.

ఇక అసలు సంగతి. నేను వెదికినదంతా ‘బ్యాక్‌గామన్’ అన్న మాటతో. ఆ మాట టైపు చేస్తే వచ్చేది యూరపు, అమెరికా, జపాను ఆటగాళ్ళ లోకం: యంత్రాలు, దశాంశాలు, మౌనం. మామయ్య ఆట ఆ పేరు కింద లేదు. అరబ్బులకు అది తావ్లా. గ్రీకులకు తావ్లి. తుర్కీవారికి తవ్లా. రష్యా, కాకసస్ వైపు నార్డి. ఇరానీయులకు తఖ్తె నర్ద్. మన చదరంగానికీ నర్ద్‌కూ చుట్టరికం కలిపే కథ ఒకటి ఇరాన్‌లో ఉంది. భారతదేశపు రాజు చదరంగం పంపి, దీని మర్మం విప్పమని సవాలు చేస్తే, బుజుర్గ్‌మిహ్ర్ అనే మంత్రి దాన్ని విప్పి, బదులుగా నర్ద్‌ను కల్పించి పంపాడట. ముప్ఫై కాయలు నెలలోని పగళ్ళూ రాత్రులూ, పాచికలు నక్షత్రగతి. పహ్లవీ భాషలో ఉన్న ఈ కథనే ఫిరదౌసి కూడా షానామాలో చెప్పాడు. కథే కావచ్చు, కాని బాకీ ఇంకా మనవైపే ఉన్నట్టు నాకు తోస్తుంది.

పేరు మారితే నియమాలూ మారతాయి. గ్రీకు తావ్లి ఒక ఆట కాదు, మూడు: పోర్తెస్, ప్లకోతో, ఫేవ్గా. మొదటిది మన బ్యాక్‌గామన్‌కు చాలా దగ్గర. ప్లకోతోకు అరబ్బు తోబుట్టువు మహ్‌బూసా. ‘బందీ’ అని అర్థం. పదిహేను కాయలూ ఒకే గడిలోంచి బయలుదేరతాయి. ఒంటరి కాయను చంపరు, దాని నెత్తిమీద కూర్చుని కదలకుండా బంధిస్తారు. మామయ్యకు ప్రాణం ఈ ఆటే. గ్నూ బ్యాక్‌గామన్‌కు ఇది తెలియదు. థెస్సలొనీకిలోని మాసిడోనియా విశ్వవిద్యాలయంలో తయారైన పాలమీడిస్ అనే ప్రోగ్రాము గ్రీకుల మూడు ఆటలూ ఆడుతుందని తెలిసి దించి ఇచ్చాను. ఆయన మర్యాదకు రెండు రోజులు ఆడారు.

ఆయనకు కావలసింది ఫోనులోనే దొరికింది. నేను చూపించలేదు, తానే ఏదో తావ్లా ఆప్‌లో, చదవడం అంతంతమాత్రంగా వచ్చిన అరబ్బీ మెనూలు తడుముకుంటూ చేరారు. అక్కడ గొంతుతో మాట్లాడుకునే వీలుంది. నెల తిరక్కుండా అలెగ్జాండ్రియాకే చెందిన ఒక విశ్రాంత బడిపంతులు తగిలారు. పాత స్నేహితుణ్ణి ఈయనకు తెలుసేమోనని మామయ్య అడిగారు. లక్షల జనం ఉన్న ఊరు, పైగా ముప్ఫయ్యేళ్ళ పైమాట, తెలియదన్నారు. ఆ మాట చెప్పినరోజు మామయ్య భోజనం సగంలో లేచిపోయారు. మర్నాడు మాత్రం వేళకు ఫోను తెరిచి కూర్చున్నారు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ ఆప్‌ను కూడా మానేశారు. వీడియో కాల్ పెట్టుకుని, ఎవరి బల్ల మీద వారు ఇద్దరి కాయలూ పేర్చుకుంటారు. ఎవరి పాచికలు వారు వేసి అంకె అరుస్తారు. రెండోవారు తన బల్ల మీద ఆ కాయ జరుపుతారు. మామయ్య ఫోను కూజాకు ఆనించి ఉంటుంది. కెమెరాలో ఆయన ముఖం, వెనుక కొబ్బరిచెట్టు తప్ప బల్ల కనబడదు. అటువైపూ అంతే. సర్వరు పాచికలను ఏళ్ళపాటు అనుమానించిన మనిషి, కనబడని పాచికలు “షేష్-బేష్!” అనగానే నోరు మెదపకుండా ఎదుటివారి కాయలు జరుపుతున్నారు. ఒక ఆటను రాసుకుని యంత్రానికి ఇస్తానన్నాను, మహ్‌బూసా కాని రోజున. “దానికెందుకురా మా గొడవ?” అన్నారు.

నా సంగతి వేరు. నాకు దశాంశాలంటే ఇష్టం, తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తేనే నిద్ర పడుతుంది. కాకపోతే అవతల ఉన్నది ఏ ఊరివాడో తెలియని మౌనంలో పాయింట్లు లెక్కపెట్టుకుని కొంత విసుగు పుట్టింది. తెలుగులో తిట్టుకుంటూ ఆడేవారు కావాలి. ఈ టపా చదివేవారిలో ఆట తెలిసినవారుంటే వ్యాఖ్యలో ఒక మాట రాయండి. తెలియనివారైతే నేర్పుతాను, పావుగంట పని. రాత్రి తొమ్మిది దాటాక, క్యూబుతోనైనా, లేకుండానైనా, ఏడు పాయింట్ల ఆటకు సిద్ధంగా ఉంటాను.